సంఖ్య వేరు, దాని వేషం వేరు

పాతబస్తీ నడిమధ్యన నిలిచిన చార్మినార్ ఏ ఏటిదో గుర్తుంచుకోవడానికి హైదరాబాదులో ఒక పాత ఉపాయం ఉంది. ‘యా హాఫిజ్’ అన్న మాటను తలచుకుంటే చాలు. కాపాడేవాడా అని దేవుణ్ణి పిలిచే మాట అది. అబ్జద్ లెక్కలో అరబ్బీ అక్షరం ప్రతిదానికీ ఒక విలువ ఉంటుంది. ఈ మాటలో ఉన్న అక్షరాలు యే, అలిఫ్, బడీ హే, అలిఫ్, ఫే, జోయ్. వాటి విలువలు వరసగా 10, 1, 8, 1, 80, 900. అన్నీ కలిపితే సరిగ్గా 1000. హిజ్రీ వెయ్యో సంవత్సరం 1591 అక్టోబరులో మొదలై 1592 అక్టోబరులో ముగిసింది. మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్‌తో తన కొత్త నగరానికి పునాది వేసిన కాలం అదే. ఈ నగరంలో దుకాణాల మీదా, ఆటోల మీదా కనిపించే 786 కూడా అబ్జద్ సంఖ్యే. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాల విలువలన్నీ కూడితే వచ్చే మొత్తం అది. సంఖ్యను మాటలో దాచి, మాట నుంచి సంఖ్యను తిరిగి రాబట్టే ఈ విద్య పాతబస్తీ సంస్కృతిలో ఒక భాగం.

ఈ విద్యకు ఒక గణిత లక్షణం ఉంది. అబ్జద్‌లో తేదీ చెప్పడం కేవలం కూడిక. ‘యా హాఫిజ్’లో అక్షరాలను ఎలా తారుమారు చేసినా మొత్తం 1000కి తగ్గదు, పెరగదు. వెయ్యి విలువ వచ్చే మాటలు ఇంకా ఎన్నో కూర్చవచ్చు. అంటే మాట నుంచి సంఖ్యకు దారి ఉంది గానీ, సంఖ్య నుంచి తిరిగి మాటకు దారి లేదు. 786 విషయమూ అంతే. భక్తితో ఆ సంఖ్యను చూసేవారికి అది ఒక పవిత్ర వాక్యానికి గుర్తు. గణితానికి మాత్రం అది 2 × 3 × 131. ఈ రెండూ నిజమే. మొదటిది అరబ్బీ అక్షరాలకు విలువలు కట్టిన సంప్రదాయం మీద నిలిచిన నిజం. రెండోది ఏ లిపి వాడినా, అసలు లిపే లేకపోయినా మారని నిజం. ఒక పెద్ద సంఖ్య గుణగణాలను విచారించే ముందు ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి. సంఖ్య మనకు ఎప్పుడూ ఏదో ఒక వేషంలోనే ఎదురవుతుంది. ఆ వేషానికి చెందినదేదో, సంఖ్యకు చెందినదేదో విడదీసి చూడటమే ఈ అధ్యాయం పని. అందుకు తెలుగువాళ్లకు చాలా కాలంగా తెలిసిన ఒక పెద్ద సంఖ్యను తీసుకుందాం.

తెలుగులో తొలి గణితగ్రంథంగా పేరున్నది పావులూరి మల్లన రాసిన ‘సారసంగ్రహ గణితము’. మల్లన పదకొండో శతాబ్దివాడని కొందరు, పన్నెండో శతాబ్దివాడని కొందరు అంటారు. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసార సంగ్రహం’ దానికి మూలం. మల్లన పేర ప్రసిద్ధమైన ఒక పద్యం చదరంగపు బల్లను తీసుకుంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎంత? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల ఈ సంఖ్యను పద్యంలో ఇమడ్చడానికి వాడిన పద్ధతి భూతసంఖ్య. చంద్రుడు అంటే 1, అగ్ని అంటే 3, వేదాలూ సముద్రాలూ అంటే 4, బాణాలు అంటే 5, కొండలు అంటే 7, ఏనుగులు అంటే 8, ఆకాశం అంటే సున్న. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమ వైపుకు చెప్పుకుంటూ పోవాలి. అందుకే ఈ సంఖ్య బాణాలతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. ఇక్కడ మాటల క్రమం మారిస్తే సంఖ్యే మారిపోతుంది. ‘యా హాఫిజ్’లో లేనిది, మల్లన పద్యంలో ఉన్నది ఆ స్థానవిలువే.

ఇదే సంఖ్యను క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ప్రాచీన జాతుల కాలగణన మీద రాసిన అరబ్బీ గ్రంథంలో లెక్కగట్టాడు. ఒక్క వేషంతో ఆగకుండా దాన్ని మూడు పద్ధతుల్లో చూపాడు: భారతీయ అంకెల్లో, ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే అరవై ఆధారపు లెక్కలో, అబ్జద్ అక్షరాల్లో. అబ్జద్‌లో ఒక్క అక్షరానికి ఉన్న అతిపెద్ద విలువ వెయ్యే. కనుక వట్టి కూడికతో ఇంత సంఖ్యను రాయడం అసాధ్యం. వేల పక్కన గుణకాలు చేర్చాల్సి వస్తుంది. కూడిక చాలని చోట ఆ పద్ధతి కూడా గుణకారాన్ని ఆశ్రయించింది. అల్ బిరూనీ గణిత, ఖగోళ రచనలను ఆధునిక కాలంలో అచ్చులోకి తెచ్చిన సంస్థల్లో 1888లో హైదరాబాదులో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ ముఖ్యమైనది. ఆయన ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ని 1954-56 మధ్య అది ప్రచురించింది. సంఖ్యను మాటల్లో నిలిపిన తెలుగు సంప్రదాయమూ, అక్షరాల్లో నిలిపిన అరబ్బీ సంప్రదాయమూ కలిసిన నగరంలో ఈ ప్రశ్న సహజంగానే పుడుతుంది: వేషాలు ఇన్ని ఉండగా, అన్నిటిలోనూ మారకుండా మిగిలేది ఏది?

మొదట ఈ మొత్తం ఎలా వస్తుందో చూద్దాం. 64 గళ్లలోని గింజలను ఒక్కొక్కటిగా కూడనక్కరలేదు. బల్ల బయట నుంచి ఒక్క గింజ అదనంగా తెచ్చి మొదటి గడిలో ఉన్న ఒక గింజకు కలపండి, రెండవుతాయి. రెండో గడిలో ఉన్నవీ రెండే, కలిపితే నాలుగు. మూడో గడిలో ఉన్నవీ నాలుగే, కలిపితే ఎనిమిది. ఇలా చివరి గడి దాటేసరికి 2ను 64 సార్లు వేసి గుణించిన ఫలితం, అంటే 2⁶⁴ వస్తుంది. తెచ్చిన గింజను తీసేస్తే మొత్తం 2⁶⁴−1. ఇక 2⁶⁴ను కనుక్కోవడానికి అల్ బిరూనీ చూపిన దారి వర్గాలది. 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపైన 256, 65,536, 4,29,49,67,296. మరొక్కసారి వర్గం చేస్తే 2⁶⁴ చేతికొస్తుంది. 63 సార్లు రెట్టింపు చేయాల్సిన పని ఆరు గుణకారాలతో తీరింది. ఇది లెక్క తేలిక చేసే కిటుకుగా మాత్రమే కనిపించవచ్చు. నిజానికి ఈ సంఖ్య స్వభావమంతా ఈ ఆరు మెట్లలోనే ఉంది. 64 అన్న సంఖ్య ఆరుసార్లు సగానికి సగం చీలుతుంది కాబట్టే ఆరు వర్గాలతో పని పూర్తయింది. ఆ చీలికలే కాసేపట్లో సంఖ్య లోపలి నిర్మాణాన్ని బయటపెడతాయి.

పరిమాణం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. వడ్ల గింజ 25 మిల్లీగ్రాములనుకుంటే ఈ గింజల బరువు దాదాపు 46,000 కోట్ల టన్నులు. ఈనాడు ప్రపంచమంతా ఏటా పండించే వడ్లు సుమారు 78 కోట్ల టన్నులు. కాబట్టి దాదాపు 600 ఏళ్ల పంట కావాలి. వినడానికి అబ్బురంగా ఉన్నా, ఇది సంఖ్య గురించి చెప్పేది చాలా తక్కువ. ఇంకో వెయ్యి గింజలు కలిపినా, తీసేసినా ఈ పోలిక చెక్కుచెదరదు. ఒక్క గింజ తేడాతో సంఖ్య స్వభావం మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఒక గింజ కలిపితే వచ్చే 2⁶⁴కు 2 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేదు. కలపకముందు 2 మాత్రం దాని కారణాంకం కాదు. పరిమాణం ఒక్కటే అయినా స్వభావాలు ఉత్తర దక్షిణాలు. కనుక సంఖ్య పెద్దదైనంత మాత్రాన అది ఎలాంటిదో మనకు తెలిసినట్టు కాదు.

అంకెల రూపం నుంచి స్వభావం తెలుస్తుందా? మల్లన సంఖ్యలో ఒక వింత ఉంది. పది అంకెల్లో తొమ్మిది అందులో కనిపిస్తాయి, 2 మాత్రం ఒక్కచోటా లేదు. రెట్టింపులతోనే పుట్టిన సంఖ్యలో రెండు అంకె లేకపోవడం ఏదో రహస్యంలా తోస్తుంది. రహస్యం ఏమీ లేదు. మనం పది ఆధారంగా లెక్కపెట్టడం వల్ల కలిగిన యాదృచ్ఛికం అది. అరవై ఆధారంగా రాస్తే ఆ వింత ఉండదు. రెండు ఆధారంగా రాస్తే ఇదే సంఖ్య వరసగా 64 ఒకట్లు. ఈనాటి కంప్యూటర్లు వాడేది ఆ రాతే. రుణ గుర్తు లేని పూర్ణసంఖ్యకు 64 బిట్లు కేటాయిస్తే అందులో పట్టే అతిపెద్ద విలువ సరిగ్గా మల్లన సంఖ్యే. లాడ్ బజారు గాజుల దుకాణంలో చెల్లింపు అందుకునే ఫోను లోపల కూడా ఆ హద్దు ఉంది. పది ఆధారంలో ఏ క్రమమూ కనిపించని ఇరవై అంకెలు రెండు ఆధారంలోకి మారగానే ఒకే అంకెగా వరస కట్టాయి. వేషం మారితే అందమూ మారింది, సంఖ్య మారలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి. అంకెలు వట్టి వేషమే అయితే, అంకెల మొత్తంతో భాజనీయతను పరీక్షించడం బడిలో ఎందుకు నేర్పుతున్నారు? మల్లన సంఖ్య అంకెలన్నీ కూడితే 87. అది 3తో నిశ్శేషంగా భాగించబడుతుంది, 9తో భాగించబడదు. అసలు సంఖ్య విషయంలోనూ అంతే. చివరి అంకె 5 కనుక 5 కూడా కారణాంకం. ఇవి నిజమైన గుణాలు, అంకెల నుంచే తెలిశాయి. ఆక్షేపణ సరైనదే, దాని సమాధానం మన వాదాన్ని మరింత బిగిస్తుంది. 10ని 3తో గానీ 9తో గానీ భాగిస్తే శేషం 1. అందువల్లనే అంకెల మొత్తం ఆ రెండు భాజకాల విషయంలో నిజం చెబుతుంది. అంటే ఈ వేషం కొన్ని చోట్ల పలచగా ఉండి లోపలిది కనిపిస్తుంది. ఎక్కడ కనిపిస్తుందో ముందే నిరూపించగలం. 2 అంకె లేకపోవడానికి అలాంటి నిరూపణ ఏదీ లేదు, దాని నుంచి సంఖ్య గురించి తెలిసేదీ ఏమీ లేదు. తొమ్మిదులు తీసివేసే పరీక్షను భారతీయ, అరబ్బీ గణితజ్ఞులు ఎంతో కాలం నుంచి లెక్కలు సరిచూసుకోవడానికి వాడారు. చేతిరాత ప్రతుల్లో ఒక అంకె తప్పుపోతే దాన్ని పట్టుకోవడానికి పద్యంలో ఛందస్సుతో పాటు ఈ పరీక్ష కూడా తోడవుతుంది. మూలకర్త మహావీరాచార్యుడు కూడా 12345654321 లాంటి సంఖ్యలను కంఠహారాలుగా వర్ణించి ఆనందించాడు. ఆ హారం 1,11,111 వర్గం. పూసలు అలా అమరడం పది ఆధారం చలవ. అది ఒక వర్గం కావడం మాత్రం సంఖ్య సొంత గుణం.

ఇప్పుడు మల్లన సంఖ్యను విప్పుదాం. ఒక వర్గం నుంచి మరో వర్గాన్ని తీసివేస్తే వచ్చేది వాటి మూలాల భేదాన్ని, మొత్తాన్ని గుణించిన ఫలితమని ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు. 2⁶⁴ అనేది 2³² వర్గం, 1 అనేది 1 వర్గం. కాబట్టి 2⁶⁴−1 అంటే 2³²−1, 2³²+1ల లబ్ధం. వీటిలో మొదటిది మళ్లీ అదే తీరున 2¹⁶−1, 2¹⁶+1గా చీలుతుంది. ఆరు మెట్లు దిగాక మిగిలేది 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297. ఇరవై అంకెల సంఖ్య కాగితం మీద కొద్ది నిమిషాల్లో ఆరు ముక్కలైంది. ఈ ఆరూ ఒకే అచ్చులో ఉన్నాయి. అల్ బిరూనీ ఎక్కిన వర్గాల మెట్లకు, అంటే 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296లకు ఒక్కొక్కటి కలిపితే వచ్చేవే ఇవి. వీటిని ఈనాడు ఫెర్మా సంఖ్యలు అంటారు. ఈ వరసలో ఏ సంఖ్య తీసుకున్నా, దాని ముందున్నవన్నీ గుణిస్తే వచ్చేది దానికన్నా సరిగ్గా రెండు తక్కువ. అందువల్ల ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి ప్రధాన కారణాంకం ఉండదు. ఉంటే అది 2ను కూడా భాగించాలి, ఇవన్నీ బేసి సంఖ్యలు కనుక అది కుదరదు. వరసకు అంతం లేదు, ఒక్కో మెట్టూ కనీసం ఒక కొత్త ప్రధాన సంఖ్యను తెస్తుంది. ప్రధాన సంఖ్యలు అనంతమని చెప్పే ఒక నిరూపణ మల్లన లెక్కించిన గింజల కుప్పలోనే ఇమిడి ఉంది.

పదిహేడో శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనని నమ్మాడు. 3, 5, 17, 257, 65,537 ప్రధానాలే. ఆరోది 4,29,49,67,297. దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. దీన్ని నమ్మడానికి పెద్ద భాగహారం అక్కరలేదు. 641 అంటే 640కి ఒకటి ఎక్కువ, 640 అంటే 5 × 2⁷. కాబట్టి 641తో భాగించేటప్పుడు 5 × 2⁷కు శేషం −1 అనుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸కి శేషం 1. అదే 641ని 625, 16ల మొత్తంగా, అంటే 5⁴ + 2⁴గా కూడా రాయవచ్చు. కనుక 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది. అంటే 2³²+1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. మిగిలిన కారణాంకం 67,00,417, అదీ ప్రధానమే. 641ని ఆయిలర్ గుడ్డిగా వెతకనక్కరలేదు. 2³²+1ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలని తర్వాత ఆయనే నిరూపించాడు. ఆ షరతుకు లోబడే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలోనే దొరుకుతుంది. ఇలా మల్లన సంఖ్య పూర్తి విభజన 3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417. ఏడు వేర్వేరు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు రాలేదు. కనుక దాని భాజకాలు 2⁷, అంటే 128.

ఇక్కడ రెండో ఆక్షేపణ. ఇదంతా మల్లనకు తెలుసా? తెలియదు. తెలుసనడానికి ఆధారమూ లేదు. ఫెర్మా పొరపాటుకు జవాబు ఆయనకన్నా అయిదారు వందల ఏళ్ల ముందే తెలుగు పద్యంలో ఉందని గొప్పలు చెప్పుకోవడం చరిత్రకూ, మల్లనకూ న్యాయం కాదు. మల్లన చేసినది వేరు, అదీ తక్కువది కాదు. ఇరవై అంకెలను ఒక్క తప్పు లేకుండా తేల్చి, శతాబ్దాలు నిలిచే రూపంలో తెలుగువారికి అప్పగించాడు. అయితే సంఖ్యకున్న గుణం తెలిసినవారి సొత్తు కాదు. 641 ఆ సంఖ్యను భాగించడానికి ఆయిలర్ పుట్టేదాకా ఆగలేదు. సరిగ్గా లెక్కగట్టిన సంఖ్య ఎవరి చేతిలో ఉన్నా దాని కారణాంకాలు దానితోనే ఉంటాయి. ఎవరు ఏది చేశారో విడిగా చెబుతూనే, సంఖ్య అందరిదని చెప్పడంలో విరోధమేమీ లేదు.

మూడో ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. నిర్మాణం తెలిస్తే స్వభావం తెలుస్తుందన్న మాట ఎంతవరకు నిజం? మల్లన సంఖ్యకు ఇరుగుపొరుగులను చూడండి. 2⁶¹−1 కూడా అదే అచ్చులోది, 19 అంకెలది. అది ప్రధానమని 1883లో రష్యాలో పెర్వూషిన్ నిరూపించాడు. 2⁶⁷−1 విలువ 21 అంకెలు. మెర్సెన్ 1644లో దాన్ని ప్రధానమన్నాడు. అది 19,37,07,721 × 7,61,83,82,57,287 అని 1903లో అమెరికాలో కోల్ చూపించాడు. మల్లన సంఖ్యకు 2 కలిపితే వచ్చేది వరసలో ఏడో ఫెర్మా సంఖ్య. అది 2,74,177 × 6,72,80,42,13,10,721 అని 1880లో లాండ్రీ కనుక్కున్నాడు. పొడవులో దాదాపు సమానమైన ఈ నాలుగింటిలో ఒకటి నిమిషాల్లో ముక్కలైతే, తక్కినవి పండితుల చేత ఎంతో శ్రమ చేయించాయి. 64 చీలుతుంది, 61, 67 చీలవు. గుర్తులో కూడిక రాగానే వర్గభేదం సూత్రం పనిచేయదు. కాబట్టి మన మాటను ఇలా సవరించుకోవాలి: రూపం చిన్నదైతే చాలదు, ఆ రూపం తనంతట తాను చీలేదై ఉండాలి.

ఈ సవరణ విలువ ఎంతో నేటి రహస్య సంకేతాల విద్య చూపిస్తుంది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ కనిపెట్టిన పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి లబ్ధాన్ని బయటపెడతారు, ప్రధానాలను దాస్తారు. వాడుకలో ఉన్న అలాంటి లబ్ధానికి 2048 బిట్లు, అంటే 617 అంకెలు. దాన్ని విడదీయడం ఈనాటి కంప్యూటర్లకు చేతకాలేదు. ఇప్పుడు 32 చదరంగపు బల్లలను పక్కపక్కన చేర్చి గళ్లన్నీ మల్లన చెప్పినట్టే నింపితే వచ్చే మొత్తం 2²⁰⁴⁸−1. దానికీ 617 అంకెలే. అయినా అది చూస్తుండగానే పదకొండు ఫెర్మా సంఖ్యలుగా చీలుతుంది. వాటిలో చివరిదాని విభజనను 1995లో బ్రెంట్ పూర్తి చేయడంతో ఈ మహాసంఖ్య కారణాంకాలన్నీ తెలిసిపోయాయి. అంకెలు అన్నే ఉన్నా, ఒకటి తెరిచిన పుస్తకం, ఇంకొకటి తాళం. రహస్య సంకేతం మన సూత్రాన్ని కాదనదు, దాన్ని ఆధారం చేసుకునే నిలబడింది. అక్కడ నిర్మాణం లేక కాదు, దాన్ని కావాలని మరుగుపరిచారు. మరుగుపరచడానికి అంత విలువ ఉండటమే, సంఖ్య బలం అంకెల పొడవులో లేదని, పుట్టుకలో ఉందని రుజువు చేస్తోంది.

అందుకే పిల్లలకు ఈ సంఖ్యను కేవలం అబ్బురపరిచే అంకెల వరసగా చెప్పి వదిలేయకూడదు. మల్లన పద్యాన్ని విప్పి అంకెలు రాయించాలి, అదే సంఖ్యను రెండు ఆధారంలోకి మార్పించాలి, వర్గభేదంతో చీల్పించాలి, 641ని వారి చేతనే పట్టించాలి. ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లలు అబ్జద్ నుంచి, తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు భూతసంఖ్యల నుంచి బయలుదేరి ఒకే కారణాంకాల దగ్గర కలుసుకోవచ్చు. అక్కడి నుంచి ముందుకు పోవడానికి దారి ఇంకా తెరిచే ఉంది. 65,537 తర్వాత మరో ఫెర్మా ప్రధానం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. 2ను 5 సార్లు మొదలుకొని 32 సార్ల దాకా వర్గం చేసి, ప్రతిసారీ ఒకటి కలిపితే వచ్చేవేవీ ప్రధానాలు కావని తేలింది. 33 సార్లు వర్గం చేసి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యకు దాదాపు 258 కోట్ల అంకెలు ఉంటాయి. అది ప్రధానమో కాదో నేటికీ ఎవరికీ తెలియదు. దాన్ని తేల్చాలంటే అంకెలన్నీ పరచి చూడటం కన్నా, ఆయిలర్ 641 విషయంలో చేసినట్టు, దాని పుట్టుకను ప్రశ్నించడమే మంచి మార్గం.